వేడిని చూసే కన్ను

మలక్‌పేటలో ఒక చిన్న కొండ మీద ఆస్మాన్‌గఢ్ అనే రాతి భవనం ఉంది. నిజాం రాజ్యంలో ప్రధానమంత్రిగా పనిచేసిన సర్ ఆస్మాన్ జా దానిని పంతొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో కట్టించాడు. ఉర్దూలో ఆస్మాన్ అంటే ఆకాశం. కట్టించినవాని పేరే భవనానికి వచ్చింది గాని, దానికీ ఖగోళశాస్త్రానికీ సంబంధం లేదు. ఆకాశంతో నిజంగా పని పెట్టుకున్నవాడు మరొక నవాబు. ఆయన పేరు జఫర్ జంగ్. విదేశం నుంచి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, 1901లో పాతనగరంలోని ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పాడు. అదే తరువాత బేగంపేటకు తరలి నిజామియా వేధశాలగా ప్రసిద్ధి పొందింది. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలో బంధించాలని ప్రపంచదేశాల వేధశాలలు కలిసి తలపెట్టిన మహాకార్యంలో హైదరాబాద్ కూడా తన వంతు భాగాన్ని పూర్తి చేసింది.

ఇంతటి చరిత్ర గల నగరమే 2022 డిసెంబరు 7వ తేదీ ఉదయం ఆకాశం వైపు చూసి నివ్వెరపోయింది. నీలాకాశంలో తెల్లని గుండ్రని వస్తువు ఒకటి నిలిచినట్లు కనిపించింది. రెక్కలు లేవు, చప్పుడు లేదు, కదలిక ఉన్నదో లేదో తెలియదు. అది నక్షత్రమని కొందరు, ఉపగ్రహమని కొందరు, గ్రహాంతరవాసుల వాహనమని మరికొందరు చెప్పుకున్నారు. సెల్‌ఫోన్లలో తీసిన చిత్రాలు గంటల్లో రాష్ట్రమంతటా వ్యాపించాయి. అదే రోజు వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలోని మొగిలిగుండ్ల గ్రామ పొలాలలో పెద్ద గూడు వంటి యంత్రం దిగింది. చుట్టుపక్కల జనం తండోపతండాలుగా వచ్చి చూశారు. దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నవారూ ఉన్నారు.

అసలు విషయం తెలియడానికి ఎక్కువ సమయం పట్టలేదు. అది టాటా మౌలిక పరిశోధన సంస్థ హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. సమీపాన నడుపుతున్న బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్. మనుషులను ఆకాశపు అంచుల దాకా తీసుకువెళ్లి చూపించాలనుకున్న స్పెయిన్ దేశపు సంస్థ ఒకటి, మనుషులు లేని గూడును దానికి కట్టి పరీక్షించింది. బెలూన్ సుమారు 37 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. ప్రయాణికుల విమానాలు ఎగిరే ఎత్తుకు ఇది మూడు రెట్లకు పైగా ఎక్కువ.

ఈ బెలూన్లు హైదరాబాదుకు కొత్త కావు. దశాబ్దాలుగా ఇక్కడి నుంచి ఎగురుతూనే ఉన్నాయి. సన్నని పాలిథిన్ పొరతో చేసి, హైడ్రోజన్ వాయువు నింపిన వీటి వ్యాసం 50 నుంచి 85 మీటర్ల దాకా ఉంటుంది. పని ముగిసిన తరువాత పరికరాలు పారాచూట్ సాయంతో నేలకు దిగుతాయి. అవి విశాఖపట్నం నుంచి షోలాపూర్ దాకా ఎక్కడైనా దిగవచ్చు కనుక, కనిపిస్తే తాకవద్దనీ, పోలీసులకు గాని తపాలా కార్యాలయానికి గాని తెలియజేయమనీ కేంద్రం వారు ముందుగానే ప్రకటనలు ఇస్తారు. ఆ ప్రకటనలు చదివేవారు తక్కువ. ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. 2005 ఏప్రిల్ 20న ఇక్కడి నుంచే ఎగిరిన ఒక బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులలోని గాలిని సేకరించి తెచ్చింది. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి., పుణేలోని మరొక సంస్థ ఆ గాలిని పరీక్షించగా, అంతకుముందు ఎవరికీ తెలియని మూడు రకాల బాక్టీరియా కనిపించాయి. ఆకాశంలో జీవం కోసం వెదకబోయిన సాధనాన్నే జనం గ్రహాంతర జీవుల వాహనంగా భావించడం కాలమహిమ అనుకోవాలి.

బెలూన్ అంత ప్రకాశంగా ఎందుకు కనిపిస్తుంది? భూమి గుండ్రంగా ఉంది కనుక ఎత్తుకు పోయినకొద్దీ క్షితిజం దిగువకు జరుగుతుంది. 37 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వస్తువుకు క్షితిజం సుమారు 6 డిగ్రీలు కిందికి దిగుతుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున కదులుతాడు. అంటే మలక్‌పేట వీధులలో ఇంకా మసకచీకటి ఉండగానే, దాదాపు 25 నిమిషాల ముందే, ఆ బెలూన్‌కు తెల్లవారిపోతుంది. చీకటి నేపథ్యంలో ఎండలో మెరిసే తెల్లని గుడ్డు వలె అది దర్శనమిస్తుంది.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న దూరానికి సంబంధించినది. మలక్‌పేటలో ఒక డాబా మీద నిలబడి పడమటి ఆకాశంలో 30 డిగ్రీల కోణంలో ఒక తెల్లని చుక్కను చూస్తున్నారనుకోండి. అది 37 కిలోమీటర్ల ఎత్తున ఉన్న బెలూన్ అయితే, చూసేవారి నుంచి 74 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్లు. అదే 100 మీటర్ల ఎత్తున ఎగిరే సంక్రాంతి పతంగి అయితే, 200 మీటర్ల దూరంలో ఉన్నట్లు. 60 మీటర్ల వెడల్పున్న ఆ బెలూన్, 16 సెంటీమీటర్ల వెడల్పున్న ఈ పతంగి కంటికి సరిగ్గా ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. కన్ను కొలిచేది కోణాన్ని మాత్రమే. దూరం తెలియనిదే పరిమాణం తెలియదు, పరిమాణం తెలియనిదే దూరం తెలియదు. ఈ రెండూ తెలియనప్పుడు వేగం సంగతి చెప్పనవసరం లేదు. అయినా ‘అది బస్సంత ఉంది, బాణంలా దూసుకుపోయింది’ అని చెప్పని ప్రత్యక్షసాక్షి అరుదు.

సామాన్యుని కంటికి ఈ పరిమితి ఉంటే ఉండవచ్చు, కోట్ల రూపాయల విలువ చేసే సైనిక కెమెరాకు కూడా ఉంటుందా అనే సందేహం సహజం. యుద్ధవిమానాలకు అమర్చే కెమెరాలు ఎక్కువగా పరారుణ కిరణాలతో పనిచేస్తాయి. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఎరుపు రంగుకు ఆవల ఏ వెలుగూ కనబడని చోట ఉష్ణమాపకం ఉంచితే పాదరసం పైకి లేచింది. కంటికి కనబడని ఆ కిరణాలే పరారుణ కిరణాలు. వేడి గల ప్రతి వస్తువూ వీటిని వెలువరిస్తుంది. మనిషి శరీరం 9 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర అత్యధికంగా ప్రసరింపజేస్తే, విమానం ఇంజను నుంచి వెలువడే మండే వాయువులు 3, 4 మైక్రాన్ల దగ్గరే ప్రసరింపజేస్తాయి. మే నెల రాత్రి పాతనగరపు రాతిగోడ పక్కగా నడిచే మనిషి ముఖానికి తగిలే సెగ కూడా ఇదే. ఆ గోడను పరారుణ కెమెరాలో చూస్తే అర్ధరాత్రి వేళ కూడా వెలిగిపోతూ కనిపిస్తుంది.

అయితే ఈ కెమెరా చూపేది ఉష్ణోగ్రతలో ఉన్న తేడాను మాత్రమే. చుట్టూ ఉన్న దానికంటె వస్తువు వేడిగా ఉందా, చల్లగా ఉందా అన్నదే దానికి తెలుస్తుంది. రెండూ ఒకే వేడిమిలో ఉంటే వస్తువు మాయమైపోతుంది. ఈ ఇబ్బంది ఎంతటిదో మలక్‌పేటకు దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న రక్షణ పరిశోధన శాలల వారికి బాగా తెలుసు. ట్యాంకులను ఛేదించే ‘నాగ్’ క్షిపణికి పరారుణ శోధకాన్ని రూపొందించినది హైదరాబాద్‌లోని రిసెర్చ్ సెంటర్ ఇమారత్. రాజస్థాన్ ఎడారిలో వేసవి పరీక్షలు జరిపినప్పుడు, ఎండకు కాగిన ఇసుక, ఎండకు కాగిన ట్యాంకు దాదాపు ఒకే వేడిలో ఉండడం వల్ల, దూరపు లక్ష్యాన్ని వేరుచేసి గుర్తించడం శోధకానికి కష్టమైంది. ఆ లోపాన్ని సరిదిద్ది మరింత సూక్ష్మమైన శోధకాలు తయారుచేయడానికి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి శ్రమించవలసి వచ్చింది. పరారుణ నేత్రం దివ్యదృష్టి కాదని ఆ ఇసుకతిన్నెలే చెబుతాయి.

ఇప్పుడు లోకమంతా చర్చించుకున్న వీడియోల వద్దకు రావచ్చు. అమెరికా నౌకాదళ విమానాల నుంచి తీసిన మూడు పరారుణ వీడియోలు 2017, 2018 సంవత్సరాలలో బయటకు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో ఆ దేశ రక్షణశాఖే వాటిని అధికారికంగా విడుదల చేసింది. వాటిలో ఒకదానికి ‘గో ఫాస్ట్’ అని పేరు. 2015లో తీసిన ఆ వీడియోలో ఒక చిన్న తెల్లని చుక్క సముద్రపు అలలకు ఆనుకుని మహావేగంతో దూసుకుపోతున్నట్లు కనిపిస్తుంది. విమానంలోని వారు ఆశ్చర్యంతో కేకలు వేయడం కూడా వినిపిస్తుంది.

ఈ వీడియోకు ఒక అదృష్టం ఉంది. తెర మీద విమానం ఎత్తు, వస్తువు దూరం, కెమెరా వంగిన కోణం అంకెల రూపంలో కనిపిస్తాయి. ఇంటర్ విద్యార్థి కూడా లెక్క చేసి చూడవచ్చు. విమానం ఎత్తు 25,000 అడుగులు, అంటే 7.6 కిలోమీటర్లు. వీడియో చివరి భాగంలో వస్తువు సుమారు 3.4 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే 6.3 కిలోమీటర్ల దూరంలో ఉంది. కెమెరా సుమారు 35 డిగ్రీలు కిందికి వంగి ఉంది. 35 డిగ్రీల సైన్ విలువ 0.57. దానితో 6.3ను గుణిస్తే 3.6 వస్తుంది. విమానానికి 3.6 కిలోమీటర్లు దిగువన వస్తువు ఉన్నదన్నమాట. 7.6 నుంచి 3.6 తీసివేస్తే 4 కిలోమీటర్లు, అనగా 13,000 అడుగులు. అలలను ఆనుకుని పోతున్నదనుకున్న వస్తువు నిజానికి సముద్రానికి 13,000 అడుగుల ఎత్తున ఉంది!

మరి ఆ వేగం ఎక్కడిది? మలక్‌పేట స్టేషనులో రైలెక్కి కిటికీలోంచి దారిపక్కనున్న ఒక వేపచెట్టు మీదే చూపు నిలిపితే, ఆ చెట్టు వెనుక దూరంగా ఉన్న మేడలు పక్కకు పరుగులు తీస్తున్నట్లు కనిపిస్తాయి. చెట్టూ కదలలేదు, మేడలూ కదలలేదు. కదిలినది రైలు. దీనినే శాస్త్రజ్ఞులు పారలాక్స్ అంటారు. కెమెరా చుక్క మీద చూపు నిలిపి ఉండగా, దాని వెనుకనున్న సముద్రం పరుగులు తీసింది. ఆ పరుగు చాలావరకు విమానానిదే. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నియమించిన స్వతంత్ర నిపుణుల బృందం 2023 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో ఈ లెక్కనే వివరంగా చేసింది. 22 సెకన్లలో వస్తువు కదిలినది సుమారు 390 మీటర్లు. అంటే గంటకు 64 కిలోమీటర్లు. ఆ ఎత్తున వీచే గాలికి అది సాధారణమైన వేగం. పైగా ఆ వస్తువు సముద్రం కంటె చల్లగా కనిపించింది కాబట్టి మండే ఇంజను ఉన్న ఆనవాలు కూడా లేదు. గాలికి కొట్టుకుపోయే బెలూన్ వంటిది ఏదైనా అలాగే కనిపిస్తుంది. అది ఖచ్చితంగా ఏమిటో చెప్పలేకపోయినా, అద్భుతమైన వేగం మాత్రం దానికి లేదని తేలిపోయింది.

దూరాన్ని తప్పుగా ఊహించడం వల్ల పుట్టిన వింతలు ఇంకా ఉన్నాయి. 2004 మార్చిలో మెక్సికో వైమానిక దళ విమానం తన పరారుణ కెమెరాలో పదకొండు వెలుగులు బారుగా తనతో పాటు ప్రయాణిస్తున్నట్లు చిత్రించింది. అవి కాంపెచే సముద్రతీరానికి దూరంగా చమురు బావుల వద్ద మండే వాయుజ్వాలలని తరువాతి పరిశీలనలో తేలింది. చంద్రుడు రైలుతో పాటు పరుగెత్తినట్లే అతి దూరపు మంటలు విమానంతో పాటు పరుగెత్తాయి. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండినప్పుడు ఆ జ్వాలను దూరగ్రామాల నుంచి చూసిన కోనసీమవారికి ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. 2014లో చిలీ నౌకాదళ హెలికాప్టర్ తీసిన పరారుణ వీడియోను ఆ దేశ నిపుణులు రెండేళ్లకు పైగా పరిశీలించి, అంతుచిక్కలేదని 2017లో ప్రకటించారు. వీడియో బయటకు వచ్చిన కొద్ది రోజులలోనే, విమానాల రాకపోకల రికార్డులు వెదికిన ఔత్సాహికులు, అది శాంటియాగో నుంచి బయలుదేరిన మామూలు ప్రయాణికుల విమానమని చూపించారు.

అమెరికా వీడియోలలో ‘గింబల్’ అనేది మరింత చిక్కైనది. అందులో బొంగరం వంటి ఆకారం మేఘాల మీదుగా పోతూ పోతూ ఒక పక్కకు తిరుగుతుంది. వర్షపు రాత్రి ఎదురుగా వచ్చే మోటారు సైకిల్ దీపం కంటికి కొట్టినప్పుడు బండీ కనబడదు, మనిషీ కనబడడు. కనిపించేది వెలుగు ముద్ద మాత్రమే. అలాగే దూరపు జెట్ ఇంజను వేడి కెమెరాను నింపివేస్తే, తెర మీద కనిపించేది విమానపు ఆకారం కాదు, కటకాలలో చెదరిన కాంతి ఆకారం. కెమెరా తన చూపును ఎడమ నుంచి కుడికి మళ్లించేటప్పుడు దాని లోపలి అద్దాలు తిరగవలసి వస్తుంది. అవి తిరిగితే ఆ కాంతిముద్ద కూడా తిరుగుతుంది. మిక్ వెస్ట్ అనే విశ్లేషకుడు ప్రచారంలోకి తెచ్చిన ఈ వివరణ వీడియోకు బాగా సరిపోతుంది. కాని దూరం నమోదు కాలేదు కనుక, దీనిని అంగీకరించనివారు కూడా ఉన్నారు. వారి సందేహాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఇవన్నీ వినోదం కోసం చెప్పుకునే కథలుగా తోచవచ్చు. సరిహద్దులో కాపలా కాసే సైనికునికి ఇది వినోదం కాదు. 2012 ఆగస్టు నుంచి కొన్ని నెలలపాటు లడఖ్‌లోని పాంగాంగ్ సరస్సు ప్రాంతంలో భారత సైనికులు, సరిహద్దు పోలీసులు రాత్రివేళ తూర్పు దిక్కున వెలిగే వస్తువులను చూశారు. అవి మెల్లగా ఆకాశమంతా దాటి మాయమయ్యేవి. చైనా పంపిన గూఢచారి విమానాలేమోనని అనుమానం కలిగింది. రాడార్‌ను తెచ్చి పెట్టారు, అది ఏమీ పట్టలేకపోయింది. రేడియో సంకేతాలను పసిగట్టే పరికరం తెచ్చారు, దానికీ ఏమీ దొరకలేదు. చిన్న డ్రోన్‌ను ఎగురవేసి దగ్గరగా చూడబోతే అది అందుకోలేకపోయింది. 2013 ఫిబ్రవరి నాటికి అటువంటి వెలుగులు 329 సార్లు కనిపించినట్లు, వాటిలో 155 సార్లు సరిహద్దు రేఖను దాటినట్లు నమోదు చేశారు.

చివరకు భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థ శాస్త్రవేత్తల సాయం కోరారు. ఆ వెలుగులు ఏ వేళ, ఏ దిక్కున, ఎంత ఎత్తులో కనిపించాయో పట్టిక వేసి చూడగా, నక్షత్రాలతో పాటు అవి కూడా రోజురోజుకూ క్రమంగా జరుగుతున్నాయని తేలింది. అవి శుక్రుడు, గురుడు! పదునాలుగు వేల అడుగుల ఎత్తున, దుమ్ము లేని పలుచని గాలిలో ఆ గ్రహాలు మైదానంలో కంటె ఎంతో కాంతిగా కనిపిస్తాయి. 2013 ఏప్రిల్, మే నెలలలో అదే లడఖ్‌లోని దెప్సాంగ్ వద్ద రెండు దేశాల సైన్యాలు మూడు వారాలపాటు ఎదురెదురుగా గుడారాలు వేసుకుని నిలిచాయి. అటువంటి ఉద్రిక్త సమయంలో శుక్రగ్రహాన్ని శత్రువిమానంగా భావించి ఎవరైనా తుపాకి పేల్చి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. సైనికులు చూసినదంతా నిజాయితీగా రాసి పెట్టినందువల్లనే, వేళ, దిక్కు తప్పకుండా నమోదు చేసినందువల్లనే శాస్త్రజ్ఞులు చిక్కుముడిని విప్పగలిగారు. సిగ్గుపడి దాచుకొని ఉంటే ఆ అనుమానం అలాగే మిగిలిపోయేది.

ప్రతి వీడియోకు సమాధానం దొరికిందని చెప్పడం కూడా సరికాదు. 2004 నవంబరులో కాలిఫోర్నియా తీరాన తీసిన మొదటి వీడియోలో వస్తువు చివరన ఎడమవైపుకు ఒక్కసారిగా జారిపోతుంది. కెమెరా దానిపై పట్టు కోల్పోవడం వల్ల అలా కనిపించిందని విశ్లేషకులు అంటారు. కాని అదే రోజు ఆ వస్తువును కంటితో దగ్గరగా చూశామని డేవిడ్ ఫ్రేవర్ వంటి అనుభవజ్ఞులైన పైలట్లు చెప్పిన మాటకు కెమెరా లోపం సమాధానం కాదు. వారి మాటను పరీక్షించడానికి తగిన కొలతలు ఎవరి దగ్గరా లేవు. ఇవి గ్రహాంతరవాసులవనడానికి సాక్ష్యం ఏదీ కనబడలేదని నాసా బృందం 2023లోనూ, అమెరికా రక్షణశాఖ విభాగం 2024లోనూ తెలిపాయి. కొలతలు లేని చోట ఏదీ నిరూపించలేమని కూడా నాసా బృందం స్పష్టంగా చెప్పింది.

అందుకే ఆ బృందం చేసిన సూచనలలో ఒకటి సామాన్యుల సెల్‌ఫోన్లకు సంబంధించినది. ఒకే వస్తువును వేరువేరు చోట్ల నుంచి ఒకే క్షణంలో చిత్రించి, సమయాన్ని, స్థలాన్ని, దిక్కును చిత్రంతో పాటే భద్రపరిచే ఏర్పాటు ఉండాలని వారు కోరారు. నిజామియా వేధశాలవారు వందేళ్ల క్రితం గాజుపలకల మీద నక్షత్రాలను చిత్రించినప్పుడు పాటించిన పద్ధతి ఇదే. తేదీ, వేళ, దిక్కు రాయని పలకకు విలువ లేదు. 2022 డిసెంబరు 7 ఉదయం మలక్‌పేటలో ఒక విద్యార్థి, వికారాబాద్‌లో మరొక విద్యార్థి ఒకే నిమిషంలో ఆ తెల్లని చుక్క దిక్కును, ఎత్తు కోణాన్ని కొలిచి ఉంటే చాలు. రెండు ఊళ్ల మధ్య దూరం పటంలో దొరుకుతుంది. ఆ దూరాన్ని ఆధారంగా తీసుకుని కాగితం మీద రెండు గీతలు గీస్తే, అవి కలిసే చోటు ఆ చుక్క నేలకు ఎంత ఎత్తున ఉన్నదో చెబుతుంది.